లంకలో పది రోజులు, నాలుగు మానిటర్లు

జనవరి 19 సాయంత్రం ఫోన్ వచ్చింది. "తమ్ముడూ, ఫిబ్రవరి 3 నుంచి 12 దాకా ఖాళీయేనా? చిన్న సినిమా. మానిటర్లు నువ్వు చూసుకోవాలి." చేసింది మా ఊరి అన్నే, హైదరాబాద్‌లో కెమెరా అసిస్టెంట్‌గా స్థిరపడ్డాడు. మాది పాలకొల్లు. పదకొండేళ్లుగా పెళ్లిళ్ల వీడియోలే నా పని. అప్పుడు మూఢం నడుస్తోంది, చేతిలో ఒక్క ముహూర్తమూ లేదు. రోజుకి 2,500, బేటా (రోజువారీ ఖర్చులకిచ్చే డబ్బు) వేరు. "ఎల్ఈడీ గోడకి ఆరు కెమెరాలు కలిపి మిక్సింగ్ చేసేవాడివి, నాలుగు మానిటర్లు నీకో లెక్కా?" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఆ ధీమా ఫిబ్రవరి 3 పొద్దున్న ఆరున్నర దాకా ఉంది.

లొకేషన్ నరసాపురం దగ్గర, వశిష్ఠ గోదావరి మధ్యలో ఒక చిన్న లంక. పడవ తప్ప దారి లేదు. కెమెరా సోనీ ఎఫ్‌ఎక్స్6. డీవోపీగారు, అంటే ఛాయాగ్రాహకుడు, వాట్సాప్‌లో జాబితా పంపారు. కెమెరా మీద ఆయనకి ఐదంగుళాల మానిటర్, ఫోకస్ పుల్లర్‌కి (షాట్ నడుస్తుండగా ఫోకస్ తిప్పేవాడికి) ఏడంగుళాలది, డైరెక్టర్‌గారికి పదిహేడంగుళాలది, మేకప్, కాస్ట్యూమ్స్, నిర్మాత చూసుకోడానికి ఒక పెద్దది. పెద్దది నాదే, మండపాల్లో వాడే 24 అంగుళాల టీవీ. ఐదంగుళాలది కెమెరాతోపాటే వచ్చింది. మిగతావి హైదరాబాద్ కృష్ణానగర్‌లో అద్దెకి తీసుకున్నాం. ఏడంగుళాలది రోజుకి 700, పదిహేడుది 1,500, ఒక ట్రాన్స్‌మిటర్, రెండు రిసీవర్లున్న వైర్‌లెస్ సెట్టు 1,800. పది రోజులకి 40,000 చెబితే ప్రొడక్షన్ మేనేజర్ బేరమాడి 32,000కి తెచ్చాడు. డిపాజిట్ 20,000.

ఆ జాబితాలో వైర్ల మాట ఒక్కటీ లేదు. అద్దె షాపువాళ్లు మీటరు పొడవు ఎస్‌డీఐ వైర్లు (కెమెరా నుంచి మానిటర్‌కి బొమ్మని మోసేవి) రెండు, పది మీటర్లది ఒకటి ఇచ్చారు. పెద్ద వైరు నా దగ్గరుందిలే అని ఊరుకున్నాను. ఆ 'ఉందిలే' ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

ఫిబ్రవరి 3. పొద్దున్న ఐదున్నరకే ఒడ్డున ఉన్నాం. మంచు దట్టంగా ఉంది, అవతలి గట్టు కనపడడం లేదు. డైరెక్టర్‌గారికి ఆ మంచే కావాలి, ఎండ రాకముందే మొదటి షాట్ అయిపోవాలి. అన్నీ తగిలించాను. కెమెరా ఎస్‌డీఐ నుంచి ఏడంగుళాల దానికి, దాని లూప్ అవుట్ (వచ్చిన బొమ్మని మళ్లీ బయటికి పంపే పోర్టు) నుంచి ట్రాన్స్‌మిటర్‌కి, అక్కణ్ణుంచి గాల్లో డైరెక్టర్ మానిటర్‌కి, టీవీకి. డీవోపీగారి ఐదంగుళాలది హెచ్‌డీఎంఐ మీద. ఆన్ చేస్తే ఆ చిన్నది ఒక్కటే వెలిగింది. మిగతా మూడింటి మీదా 'నో సిగ్నల్'.

వైరు మార్చాను. వైరు చివరుండే బీఎన్‌సీ కనెక్టర్ పిన్ను వంగిందేమోనని ఫోన్ లైటు వేసి చూశాను. ఇంకో వైరు. బ్యాటరీ తీసి పెట్టాను. మళ్లీ మొదటి వైరు. కో-డైరెక్టర్ ఐదు నిమిషాలకోసారి వచ్చి "ఎంతసేపండీ?" అంటున్నాడు. మంచు పల్చబడుతోంది. చలిలో కూడా నా వీపు తడిసిపోయింది. కెమెరాతోపాటు వచ్చిన అటెండెంట్ లెన్స్ పెట్టెలతో ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నాడు. ఏడూ పదికి పడవ దిగి, తాపీగా మెనూ తెరిచి చూశాడు. "వైరు తప్పు కాదు తమ్ముడూ, ఎస్‌డీఐ అవుట్ ఫోర్‌కేలో ఉంది" అన్నాడు. మా ఏడంగుళాల మానిటర్ 3జీ ఎస్‌డీఐ దాకే తీసుకుంటుంది, అంటే హెచ్‌డీ వరకే. ఐదంగుళాలది ఫోర్‌కే కూడా తీసుకుంటుంది కాబట్టి వెలిగింది. కెమెరా లోపల ఫోర్‌కేలోనే రికార్డ్ చేస్తూ, బయటికి మాత్రం 1080పీ పంపమని మార్చాడు. మూడూ ఒకేసారి వెలిగాయి. నేను నలభై నిమిషాలు కొట్టుకున్న పని అతనికి పది సెకన్లు.

పెళ్లిళ్లలో ఈ బాధ నాకెప్పుడూ రాలేదు, ఎందుకంటే కెమెరా నాదే, మెనూ నాదే. ఇక్కడ కెమెరా ఇంకొకరిది, కిందటి షూటింగ్‌లో ఎవరు ఏం పెట్టి వదిలేశారో తెలియదు. ముందురోజు రాత్రే అన్నీ కలిపి చూసుంటే సరిపోయేది. నేను ఆ రాత్రి పులస కాలం కాదు కదా అని బాధపడుతూ, చేపల పులుసు తిని పడుకున్నాను.

ఆ మంచు షాట్ పోయింది. ఎవరూ నన్నేమీ అనలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

ఎండ వచ్చాక ఇంకో గొడవ. నిర్మాతగారు భీమవరం వైపు చెరువుల రైతు, ఆయనకిదే మొదటి సినిమా. టీవీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుని రెండు నిమిషాలకే లేచారు. "ఇదేంటండీ, ఇంత డబ్బు పోసి తీస్తుంటే అంతా బూడిద పులిమినట్టుంది?" ఆయన తప్పేం లేదు. తర్వాత రంగులు దిద్దుకోడానికి వీలుగా ఎస్-లాగ్3 అనే పద్ధతిలో తీస్తే మానిటర్ మీద అలాగే ఉంటుంది, రంగులన్నీ వెలిసిపోయి కనిపిస్తాయి. లట్ (రంగుల్ని సరిచేసి చూపించే ఫైలు) వేస్తేగానీ మామూలు రంగులు రావు. పదిహేడంగుళాల దాంట్లో, ఏడంగుళాల దాంట్లో లట్ ఫైలు ఎక్కించాను, పని అయింది. నా టీవీకి ఆ వసతి లేదు. అప్పుడు గుర్తొచ్చింది, నా పెళ్లిళ్ల బ్యాగులో ఎస్‌డీఐని హెచ్‌డీఎంఐకి మార్చే అరచేతిలో పట్టేంత కన్వర్టర్ ఉంది. అందులో కూడా లట్ ఎక్కించుకోవచ్చని నాలుగేళ్లుగా వాడుతున్న నాకే ఆరోజు తెలిసింది. టీవీలో కొబ్బరిచెట్లు పచ్చగా మారేసరికి నిర్మాతగారు మళ్లీ కూర్చున్నారు. పక్కనే నిలబడి చూస్తున్న ఒక మామ్మ "మా పాక ఇంత బాగుంటదా!" అంది. పది రోజుల్లో నా మానిటర్లకి వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే.

ఫిబ్రవరి 4 అంతా ఎండతో సరిపోయింది. పదిహేడంగుళాల మానిటర్ గదిలో చూడటానికి చేసింది, బయట పదకొండింటి ఎండలో అందులో మన మొహమే కనిపిస్తుంది తప్ప సినిమా కనిపించదు. నరసాపురం నుంచి ఐదు మీటర్ల నల్ల కాటన్ గుడ్డ తెప్పించాను, 450 రూపాయలు. రెండు లైట్ స్టాండ్ల మీద కప్పి డేరాలా కట్టాం. డైరెక్టర్‌గారు లోపల చెమటలు కక్కుతూ "యాక్షన్" అంటుంటే పాత ఫొటో స్టూడియో గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నమే నేను ఫోకస్ చూడటానికని ఏడంగుళాల మానిటర్‌ని పెద్ద టీవీ స్థానంలో పెట్టి, పీకింగ్ ఆన్ చేసి, తీయడం మరిచిపోయాను. పీకింగ్ అంటే ఫోకస్‌లో ఉన్న అంచుల మీద ఎర్ర గీతలు పడతాయి, అంతే. అది తెలియని మేకప్ ఆయన హీరోయిన్‌గారి ముక్కు చుట్టూ ఎర్రగా ఉందని పౌడర్ పఫ్ పట్టుకుని పరుగెత్తాడు. ఆవిడ భయపడి అద్దం అడిగింది. షాట్ పది నిమిషాలు ఆగింది.

5వ తేదీన అసలు తప్పు బయటపడింది. నేను అన్నిటినీ ఒకదాని వెనక ఒకటి గొలుసులా కట్టాను కదా. పొడుగాటి డైలాగ్ షాట్ నడుస్తోంది, హీరో కంటతడి పెట్టుకునే చోటికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఫోకస్ పుల్లర్ మానిటర్‌లో బ్యాటరీ అయిపోయింది. దానితోపాటు డైరెక్టర్ మానిటర్, టీవీ కూడా నల్లబడ్డాయి. మానిటర్‌కి కరెంటు లేకపోతే దాని లూప్ అవుట్ కూడా చచ్చిపోతుంది. టేకు రికార్డయింది, కానీ డైరెక్టర్‌గారు చూడలేదు కాబట్టి ఇంకోసారి అన్నారు. రెండో టేకులో హీరోకి ఏడుపు రాలేదు.

ఆ రాత్రి మా తమ్ముడు బండి మీద పాలకొల్లు నుంచి నా ఎస్‌డీఐ స్ప్లిటర్ తెచ్చి రేవులో ఇచ్చాడు. ఒక లైను లోపలికి, నాలుగు బయటికి. ఇక ఎవరి బ్యాటరీ పోయినా వాళ్లదే ఆరుతుంది. అది నా ఇంట్లో అటక మీదే ఉంది, మొదటిరోజే తెచ్చుకుని ఉండాల్సింది. హెచ్‌డీఎంఐ వైరు కదిలినప్పుడల్లా డీవోపీగారి బొమ్మ ఆరిపోతుంటే దానికి మాత్రం మందు హీరోయిన్‌గారి దగ్గర దొరికింది. ఆవిడ జుట్టు రబ్బరు బ్యాండు తీసి ప్లగ్గు కదలకుండా బిగించాం. బీఎన్‌సీకి తిప్పితే పడే లాకు ఉంటుంది, హెచ్‌డీఎంఐకి ఏమీ ఉండదు. వంద రూపాయల క్లాంపు కొనుక్కోవాల్సిన చోట రబ్బరు బ్యాండు చివరిదాకా నడిచింది.

ఇక 7వ తేదీ. ఇది చదివేవాళ్లు మిగతాదంతా వదిలేసినా ఈ రోజు సంగతి మాత్రం చూడండి.

లంక మీద ఒక పాత మండువా ఇంట్లో సీను. గోడలు మూరెడు మందం. డైరెక్టర్‌గారు పక్కింటి అరుగు మీద కూర్చున్నారు. వైర్‌లెస్ ఆ గోడల్లోంచి రాలేదు, బొమ్మ ఆగి ఆగి వస్తోంది. సరే వైరు లాగుదామని నా అరవై మీటర్ల సీసీ కెమెరా వైరు తీశాను. అదే ఆ 'ఉందిలే' అనుకున్న వైరు. చూడటానికి అదే బీఎన్‌సీ, అదే నల్ల తొడుగు. కలపగానే తెర నిండా తెల్ల చుక్కలు, కాసేపటికి ఏమీ లేదు. సీసీ కెమెరా వైరులో లోపలి కోయాక్స్ సన్నగా ఉంటుంది. దాని కెమెరాలకి అది చాలు, ఎస్‌డీఐ అంత దూరం పోదు. బొమ్మ కొంచెం కొంచెంగా పాడవడం ఉండదు, బాగుంటే బాగుంటుంది, లేకపోతే చుక్కలు, ఆ వెంటనే చీకటి.

ఊళ్లో కేబుల్ టీవీ కుర్రాడున్నాడని ఎవరో చెప్పారు. అతని దగ్గర ఆర్‌జీ6 వైరు ఉంది, మీటరు 25 చొప్పున యాభై మీటర్లు 1,250. బీఎన్‌సీ కనెక్టర్లు నా దగ్గరే ఉన్నాయి, అతను కూర్చుని క్రింప్ చేసి ఇచ్చాడు. "దీనికేం డబ్బులొద్దండి, పడవలో హీరోగారితో ఒక ఫొటో ఇప్పించండి చాలు" అన్నాడు. రెండు గంటలు పోయాయి కానీ బొమ్మ గాజులా వచ్చింది. నేను గెలిచాననుకున్నాను.

ఇంటామె చెప్పులు గుమ్మం బయటే విడవమంది. ఆర్ట్ వాళ్లు సీను కోసం మండువాలో నీళ్లు చల్లి కడిగారు. డీవోపీగారు తడినేల మీద ఉత్తకాళ్లతో నిలబడి కెమెరా హ్యాండిల్ మీద చెయ్యేశారు. "అమ్మా!" అని ఒక్కసారిగా వెనక్కి లాక్కున్నారు. "కెమెరా కొడుతోందిరా!"

కెమెరా నడుస్తున్నది బ్యాటరీ మీద. బ్యాటరీ కెమెరా షాక్ కొట్టడమేంటి? ఎవరికీ అర్థం కాలేదు. లైట్ డిపార్ట్‌మెంట్‌లో యాభై దాటిన ఒక బాబాయ్ ఉన్నారు, జేబులోంచి టెస్టర్ తీసి కెమెరా మీది వైరు కొసకి ఆనించారు. సన్నగా వెలిగింది. ఆ వైరు పట్టుకుని నడుచుకుంటూ పక్కింటికి వెళ్లారు, డైరెక్టర్ మానిటర్ బాడీకి పెట్టారు. ఇంకా బాగా వెలిగింది. మానిటర్ అడాప్టర్ మూడు పిన్నులదే, కానీ అరుగు మీది ఎక్స్‌టెన్షన్ బాక్సుకి రెండు తీగలే ఉన్నాయి, ఎర్త్ లేదు. ఎర్త్ లేకపోతే అలాంటి అడాప్టర్లలోంచి కొద్దిగా కరెంటు మానిటర్ లోహం మీదికి చేరి అక్కడే నిలుస్తుంది. పట్టుకుంటే చీమ కుట్టినట్టుంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు చాలామందికి తెలిసిన జిల్లే అది. నిన్నటిదాకా వైర్‌లెస్ కాబట్టి ఆ మానిటర్‌కీ కెమెరాకీ మధ్య లోహమనేది లేదు. నేను లాగిన చక్కటి వైరు దాని పైపొర మీదుగా ఆ కరెంటుని యాభై మీటర్లు మోసుకొచ్చి డీవోపీగారి చేతికి ఇచ్చింది.

బాబాయ్ నన్నేమీ తిట్టలేదు. "బొమ్మ వచ్చిందా అని చూస్తారు బాబూ మీరు, దాంతోపాటు ఇంకేం వచ్చిందో చూడరు" అన్నారంతే. ఆయన ఎర్త్ ఉన్న ప్లగ్గు వెతుకుతుండగా నేను కంగారులో, మానిటర్ ఇంకా ఆ ఎర్త్ లేని బాక్సు మీదే ఉండగా వైరు పీకి మళ్లీ పెట్టాను. చిటుక్కుమని చిన్న చప్పుడు. పదిహేడంగుళాల మానిటర్ ఎస్‌డీఐ ఇన్‌పుట్ అక్కడితో పోయింది.

అటెండెంట్ అప్పుడు చెప్పిన వరస ఇది: తగిలించేటప్పుడు ముందు కరెంటు, అన్నీ ఆన్ అయ్యాక చివరికి ఎస్‌డీఐ. తీసేటప్పుడు ముందు ఎస్‌డీఐ, ఆ తర్వాతే కరెంటు. "లేదంటే కరెంటుకి వేరే దారి దొరక్క వీడియో పిన్ను దారిన పోతుంది తమ్ముడూ." ఎర్త్ సరిగా లేని చోట ఈ వరస కూడా కాపాడదు, అందుకని ఆరోజు నుంచి డైరెక్టర్ మానిటర్‌ని గోడ ప్లగ్గుకి పెట్టనే లేదు. వీ-మౌంట్ బ్యాటరీ (మానిటర్‌కి తగిలించే పెద్ద బ్యాటరీ) మీద నడిపాం. ఒక 150 వాట్-అవర్ బ్యాటరీకి నాలుగు గంటలకి పైనే వచ్చింది. హైదరాబాద్ నుంచి ఇంకో రెండు బస్సు పార్సిల్‌లో తెప్పించాం, రోజుకి 300 చొప్పున. మానిటర్ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ బాగానే ఉంది కాబట్టి నా కన్వర్టర్ దానికి పెట్టాను. టీవీ మూలన పడింది, నిర్మాతగారు కూడా నల్లగుడ్డ కిందికే వచ్చి డైరెక్టర్‌గారి భుజం మీదుగా చూశారు.

8వ తేదీ ఏ గొడవా లేదు. అది కూడా చెప్పాలి కదా.

9న పడవ సీను. కెమెరాతో డీవోపీగారు, హీరో, హీరోయిన్, ఫోకస్ పుల్లర్, పడవ నడిపే ఆయన, అందరూ ఒక నాటు పడవలో. డైరెక్టర్‌గారు ఒడ్డున. వశిష్ఠకి అక్కడ సముద్రపు పోటు తగులుతుంది, నీళ్లు వెనక్కి తీసే వేళ చూసుకుని పడవని ప్రవాహంలో వదలాలి. మాకున్న సమయం గంటన్నర. వైర్‌లెస్ డబ్బా మీద 400 అడుగులని రాసుంది. నిజానికి పడవ అరవై మీటర్లు వెళ్లి కాస్త తిరిగేసరికి బొమ్మ పోయింది. ట్రాన్స్‌మిటర్ కెమెరా వెనక ఉంది, దానికీ ఒడ్డుకీ మధ్య డీవోపీగారు నిలబడ్డారు. మనిషి ఒంట్లో ఉన్నది చాలావరకు నీళ్లే, ఆ ఐదు గిగాహెర్ట్జ్ సిగ్నల్ మనిషిని దాటలేదు. పడవ నడిపే ఆయన్ని ఒక వెదురు గెడ అడిగాను. దాని చివర ట్రాన్స్‌మిటర్, దాని బ్యాటరీ కట్టి, మూడు మీటర్ల వైరు కిందికి దింపి, పడవ చివర జెండా కర్రలా నిలబెట్టాం. రిసీవర్‌ని ఒడ్డున కొబ్బరిచెట్టుకి తలెత్తున కట్టాను. పడవ కనుచూపు మేర వెళ్లినా బొమ్మ కదల్లేదు.

రెండో టేకులో డైరెక్టర్‌గారు హెడ్‌ఫోన్ తీసి సౌండ్ ఆయన వైపు కోపంగా చూశారు. "మాట ముందొస్తోంది, పెదాలు తర్వాత కదులుతున్నాయి." సౌండ్ ఆయన మొహం చిన్నబోయింది. తప్పు ఆయనది కాదు, నాది. వైర్‌లెస్ బొమ్మ సెకనులో పదోవంతు ఆలస్యంగా వస్తుంది. 25 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు, అంటే రెండున్నర ఫ్రేముల తేడా. శబ్దానికి ఆ ఆలస్యం లేదు. నేను లేచి చెప్పాను. సౌండ్ ఆయన తన మిక్సర్‌లో డైరెక్టర్‌గారి హెడ్‌ఫోన్‌కి మాత్రం మూడు ఫ్రేములు ఆలస్యం పెట్టారు, అతికినట్టు సరిపోయింది. ఫోకస్ పుల్లర్‌ని పడవలోనే వైరు మీద కూర్చోబెట్టింది కూడా అందుకే. ఆ పదోవంతు సెకను అతనికి ఇస్తే ప్రతి షాటూ ఫోకస్ తప్పి మసగ్గా పోతుంది.

12 సాయంత్రం గుమ్మడికాయ కొట్టారు. మొదటిరోజు పోయిన మంచు షాట్ 11 పొద్దున్న మళ్లీ తీశాం. ఆరోజు ముందురాత్రే అన్నీ కలిపి, వెలిగించి, మళ్లీ విప్పి పడుకున్నాను. పొద్దున్న పదకొండు నిమిషాల్లో మూడూ రెడీ. మంచు మాత్రం 3వ తేదీన ఉన్నంత లేదు.

14న సామాను కృష్ణానగర్‌లో ఇచ్చేశాం. ఎస్‌డీఐ బోర్డు రిపేరుకి 6,500 పట్టుకున్నారు. మిగిలిన 13,500 కోసం మూడు వారాలు ఫోన్లు చేసి, మార్చి 6న వేయించుకున్నాం. ఆ 6,500లో 3,000 నా డబ్బులోంచి కోశారు. తీసుకునే రోజే ప్రతి పోర్టూ పనిచేస్తోందని ఫోన్‌లో వీడియో తీసిపెట్టుకోమని ఎవరూ చెప్పలేదు. మా విషయంలో తప్పు నిజంగానే నాది కాబట్టి వాదించడానికి ఏమీ లేకపోయింది. 25,000 రావాల్సిన చోట 22,000 వచ్చింది. వైరు 1,250, గుడ్డ 450 ప్రొడక్షన్ ఇచ్చింది. వైరు మాత్రం నాకే వదిలేశారు.

మూఢం వెళ్లింది, మార్చి 8న పాలకొల్లులోనే పెళ్లి. మండపంలోకి వెళ్లగానే బ్యాగులోంచి టెస్టర్ తీసి స్టేజీ వెనక ప్లగ్గులన్నీ ఒక్కోటి చూసుకుంటూ వస్తున్నాను. పెళ్లికూతురి మేనమామ కుర్చీలోంచే కేకేశారు, "ఏం బాబూ, వీడియోనా, కరెంటు పనా?"

"రెండూనండీ" అన్నాను. మూడో ప్లగ్గులో ఎర్త్ లేదు.